కడుపులో పుండు పాలతో మానుతుందా?



బోధన్ వైపు ఒక పాల సంఘం లెక్కలు తనిఖీ చేయుటకు వెళ్ళినప్పుడు ఒక పెద్దమనిషి, "కడుపుల మంటకు పొద్దుమాపు గిలాసెడు పాలు తాగుతున్న సారూ, దవాఖానెందుకు?" అన్నారు. ఆయన జేబులో మోకాళ్ళ నొప్పి మాత్రలున్నాయి. నెల తిరగకముందే నల్లని విరేచనాలై, ఆసుపత్రిలో రక్తం ఎక్కించవలసి వచ్చింది. అందుకే ఈ నాలుగు మాటలు.

జీర్ణాశయంలో ఆహారాన్ని అరిగించే ఆమ్లం ఊరుతుంది. అది లోపలి గోడకు తగలకుండా ఒక జిగురు పొర కాపాడుతుంది. పొర దెబ్బతిన్న చోట పుండు పడుతుంది. అదే అల్సర్. పాలు త్రాగితే మంట కాసేపు చల్లారుతుంది. కాని పాలలోని మాంసకృత్తులు, కాల్షియం వలన ఆమ్లం మళ్ళీ ఎక్కువగా ఊరుతుంది. ఒకప్పుడు వైద్యులు కూడా ఈ జబ్బుకు గంటగంటకు పాలు ఇప్పించేవారు. ఆ పద్ధతి ఇప్పుడు లేదు.

పుండుకు ముఖ్య కారణాలు రెండు. మొదటిది హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ 1982లో దీనిని వేరుచేసి పెంచగలిగారు. 1984లో మార్షల్ దానిని తానే త్రాగి, జీర్ణాశయపు వాపు తెచ్చుకొని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. రెండవది నొప్పి మాత్రలు. చెరకు కొట్టి, గడ్డిమోపులు మోసి, నడుము నొప్పికి రోజూ దుకాణంలో మాత్రలు కొని మింగేవారు మనలో చాలామంది. కారం మంటను పెంచవచ్చును గాని పుండుకు మూలం కాదు. బీడీ మాత్రం పుండును త్వరగా మాననివ్వదు.

సూక్ష్మజీవి ఉన్నదీ లేనిదీ శ్వాస, మల పరీక్షల ద్వారా గాని, గొట్టంతో లోపలికి చూసే ఎండోస్కోపీ ద్వారా గాని తెలుస్తుంది. ఉంటే, ఆమ్లం తగ్గించే మందుతో పాటు యాంటీబయాటిక్ మందులు సాధారణంగా 14 రోజులు ఇస్తారు. గేదె పొదుగువాపుకు మందు సగంలో ఆపితే ఏమవుతుందో మీకు తెలుసు. ఇదీ అంతే. మంట తగ్గిందని మానరాదు. నొప్పి మాత్రల సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. గుండెకు వాడే ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపరాదు.

తారువంటి నల్లని విరేచనం, రక్తపు వాంతి, హఠాత్తుగా భరించరాని కడుపునొప్పి వస్తే ఒక్క పూట కూడా ఆగక ఆసుపత్రికి చేరాలి.

పాలు మంచి ఆహారం. మనం గర్వంగా అమ్ముకునే సరుకు. కాని అల్సర్‌కు మందు కాదు.