పాత పాయింట్ 32ను మార్చాలా?

మాచవరం మండలంలో ఒక మిరప రైతు ఉన్నారనుకుందాం. వయసు అరవై ఆరు. ఊళ్లో కక్షలు ముదిరిన రోజుల్లో, 1998లో, గుంటూరు కలెక్టరేటు నుంచి లైసెన్సు తెచ్చుకుని కాన్పూరులో తయారైన పాయింట్ 32 రివాల్వర్ కొన్నారు. అది ఇప్పటికీ బీరువాలో తోలు సంచిలో ఉంది. కొడుకు పిడుగురాళ్లలో సున్నం వ్యాపారం చేస్తాడు. మొన్న ఫోన్‌లో కొత్త రివాల్వర్ బొమ్మ చూపించి, "నాన్నా, ఆ పాతదాన్ని ఇచ్చేసి ఇది తీసుకుందాం. పక్కకు తెరుచుకుంటుందంట. యాభై మీటర్లు కొడుతుందంట" అన్నాడు. తండ్రి వెంటనే అవుననలేదు, కాదనలేదు.

ఈ కుటుంబాన్ని నేను ఊహించుకున్నాను. ప్రశ్న మాత్రం ఊహ కాదు. దానికి డబ్బు లెక్క ఒక్కటే చూసి జవాబు చెప్పడం సరికాదు. ఇంట్లో ప్రాణం తీయగల వస్తువును ఉంచుకోవడం గురించిన ప్రశ్న ఇది. అందుకే ఓపిగ్గా చూద్దాం.

చేతి తుపాకులకు "తరం" అనే మాటను బాగా వాడుకలోకి తెచ్చింది ఆస్ట్రియా కంపెనీ గ్లాక్. 1982లో వాళ్ల మొదటి పిస్టల్ వచ్చింది. నాలుగో తరం 2010లో, ఐదో తరం 2017లో వచ్చాయి. డల్లాస్‌లో ఉండే తెలుగువాడు దుకాణానికి వెళ్లి రెండు తరాల పిస్టళ్లను పక్కపక్కన పెట్టుకుని, పట్టు ఎలా ఉందో చూసుకుని తేల్చుకోగలడు. మాచవరంలో ఆ వీలు లేదు. ఆ పిస్టళ్లలో ఎక్కువగా వాడే 9 ఎంఎం తూటా మన చట్టం ప్రకారం నిషిద్ధ బోరు. మామూలు పౌరుడికి లైసెన్సు రాదు. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్య నుంచి ఆగిపోయింది. కాబట్టి మన రైతు ముందున్న ముఖ్యమైన తరాలు పాయింట్ 32లోనివే: 1990ల కాన్పూరు రివాల్వర్, 2014 జనవరిలో వచ్చిన నిర్భీక్, 2023 ఆగస్టు 18న వచ్చిన ప్రబల్. కొడుకు ఫోన్‌లో చూపించింది ఈ చివరిదాన్నే. పాత ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 2021 అక్టోబరు 1న ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టారు. వాటిలో ఒకటైన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ దీన్ని తయారు చేస్తోంది.

తేడా ఎక్కడుందో చూడాలంటే రెండూ ఎలా తెరుచుకుంటాయో చూడాలి. పాతది ఇంగ్లండు వెబ్లీ రివాల్వర్ల నమూనాలో చేసినది, నడుం విరిచే రకం. పైన ఉన్న గడియ నొక్కితే గొట్టం, సిలిండర్ కలిసి ముందుకు వంగుతాయి. కింద మడతబందు, పైన గడియ. ఈ రెండే తుపాకీ ముందు భాగాన్ని వెనక భాగాన్ని పట్టి ఉంచుతాయి. ఇంటి తలుపునే తీసుకోండి. ఏళ్ల తరబడి తీస్తూ మూస్తూ ఉంటే మడతబందులు వదులై తలుపు వాలుతుంది, గడియ సరిగా పడదు. ఈ రివాల్వర్‌కీ అదే జరుగుతుంది. తూటా పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నే బలం ఆ గడియ మీద పడుతుంది. గడియ అరిగితే గొట్టం వెంట్రుకవాసి కదులుతుంది. ఆ వెంట్రుకవాసి దూరం పోయేకొద్దీ జానెడు అవుతుంది.

ప్రబల్‌లో చట్రం అంతా ఒకే ముక్క. గొట్టం ఎటూ వంగదు, సిలిండర్ ఒక్కటే పక్కకు జరుగుతుంది. అరిగే గడియ పైన లేదు కాబట్టి చట్రం గట్టిగా ఉంటుంది, గురి ఎక్కువ కాలం నిలుస్తుంది. నా దృష్టిలో కొత్త తరంలో నిజమైన మెరుగు ఇదొక్కటే, అది చిన్నదేమీ కాదు. కొత్త విద్య మాత్రం కాదు. పక్కకు తెరుచుకునే రివాల్వర్‌ను అమెరికాలో కోల్ట్ కంపెనీ 1889లోనే నౌకాదళానికి అమ్మింది. మన పాయింట్ 32 తూటా కూడా 1896లో స్మిత్ అండ్ వెసన్ వాళ్ల పక్కకు తెరుచుకునే రివాల్వర్‌తో పాటే పుట్టింది. మన ఫ్యాక్టరీలు ఆ తూటాను వెబ్లీ నమూనాలో పెట్టి ఇన్నేళ్లు నడిపాయి.

పాత పద్ధతికీ ఒక సుగుణం ఉంది. నడుం విరిచిన ఊపులోనే ఖాళీ తొడుగులు ఆరూ పైకి లేచి పడిపోతాయి. కొత్తదానిలో సిలిండర్‌ను పక్కకు తెచ్చి, ముందున్న పుల్లను అరచేత్తో నొక్కాలి. ఇరవై ఐదేళ్లుగా ఒక పద్ధతికి అలవాటుపడిన చేయి, కంగారులో ఆ పాత కదలికనే వెతుక్కుంటుంది. కొత్తది తీసుకుంటే చేతికి మళ్లీ మొదటి నుంచి నేర్పాలి.

బరువు సంగతీ చెప్పాలి. నిర్భీక్ అర కిలో, ప్రబల్ ఖాళీగా 700 గ్రాములు. తేలికగా ఉంటే మంచిదని అనిపిస్తుంది గానీ, బరువు తగ్గేకొద్దీ అదే తూటా చేతిలో ఎక్కువ ఎగురుతుంది. రోజంతా నడుముకు పెట్టుకుని తిరిగేవాళ్లకు తేలికది నయం. బీరువాలో ఉండేదానికి బరువుదే నయం.

ఇక "యాభై మీటర్లు" అన్న మాట. ప్రబల్ గొట్టం పొడవు 76 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాలు. తూటా పాతదే. సీసపు గుండు బరువు సుమారు ఆరు గ్రాములు. అది తీసుకెళ్లే శక్తి 9 ఎంఎం తూటాతో పోలిస్తే దాదాపు మూడో వంతు. గొట్టం మూడంగుళాలే ఉండి తూటా మారనప్పుడు దెబ్బ బలం పెరగదు. కంపెనీ చెప్పే దూరం, కదలకుండా నిలబడి గురి చూసి కొట్టే లక్ష్యానికి సంబంధించింది. ఇంట్లో, వాకిట్లో మనిషికీ మనిషికీ మధ్య ఉండేది నాలుగైదు మీటర్లు. అక్కడ పాతదీ కొత్తదీ ఒక్కటే.

తప్పిన గుండు యాభై మీటర్ల దగ్గర ఆగిపోదని కూడా గుర్తుంచుకోవాలి. పల్నాటి ఇళ్లలో నేలకు నాపరాయి, చాలాచోట్ల గోడలకూ రాయే. రాతికి తగిలిన గుండు ఎటు తిరుగుతుందో కాల్చినవాడికి తెలియదు. పక్క గదిలో నిద్రపోతున్న పిల్లల మాట తలచుకుంటే, తుపాకీ తరం కంటే కాల్చే చేతి అలవాటు ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. ఆ అలవాటు రేంజిలో నేర్చుకోవాల్సిందే. పొలం గట్టున చెట్టుకు గురిపెట్టి గానీ, పెళ్లి ఊరేగింపులో గాలిలోకి గానీ కాల్చడం ఎంతమాత్రం కూడదు. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరులను ప్రమాదంలో పడేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 2019 సవరణ చెబుతోంది.

అసలు మన రైతు రివాల్వర్ తీసింది ఎందుకు? ఎన్నికలప్పుడు ఊరు రెండుగా చీలుతుందని, ఆ వేడిలో తన మీదికి ఎవరైనా వస్తారేమోనని. ఆ రోజుల్లోనే రివాల్వర్ ఆయన దగ్గర ఉండదు. ఎన్నికల కోడ్ వచ్చాక సమస్యాత్మక ప్రాంతాల్లో లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో డిపాజిట్ చేయించడం మామూలే. 2024లో కోడ్ మార్చి 16న మొదలైంది. మన రాష్ట్రంలో పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న జరిగాయి. అంటే ఎనభై రోజులు. పోలింగ్ నాడూ ఆ తర్వాతా పల్నాడులో చెలరేగిన హింసకు ఎన్నికల సంఘం జిల్లా కలెక్టరును బదిలీ చేసి, ఎస్పీని సస్పెండ్ చేసింది. ఊళ్లు అంతగా రగిలిన రోజుల్లో డిపాజిట్ చేసిన తుపాకీ పాతదైనా కొత్తదైనా స్టేషన్‌లోనే ఉంటుంది. అలా ఉండడమే మంచిదని నేననుకుంటాను. రెండు వర్గాల చేతుల్లోనూ లైసెన్సు రివాల్వర్లు ఉంటే ఆ రోజులు ఇంకెంత ఘోరంగా ఉండేవో.

ఇప్పుడు డబ్బు. ప్రబల్ ధర పన్ను కాక సుమారు లక్షా నలభై వేలని వచ్చినప్పుడు చెప్పారు. రివాల్వర్ల మీద జీఎస్టీ అప్పుడు 28 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం చేశారు. ఆ ధరనే పట్టుకుంటే పన్నుతో కలిపి లక్షా తొంభై ఆరు వేలు. మిరప ధర పడిపోయిన ఏడాది ఈ మొత్తం ఏమిటో రైతుకు వేరే చెప్పనక్కర్లేదు.

కాగితాల పని అంతకంటే నెమ్మది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది కాబట్టి, గుంటూరులో పుట్టిన ఆ లైసెన్సుకు ఇప్పుడు నరసరావుపేట దిక్కు. పాతదాన్ని మరో లైసెన్సుదారుకు అమ్మాలంటే ముందుగా రాతపూర్వకంగా అధికారులకు తెలియజేసి, 45 రోజులు ఆగాలి. కొత్తది కొనడానికి అనుమతి పొందాలి, కొన్నాక దాని నంబరు లైసెన్సులో ఎక్కించుకోవాలి. పాతది ఉంచుకుని కొత్తది కూడా తీసుకుందామంటే, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. చట్టం ఒప్పుకున్నా, ఒకదానికి బదులు రెండింటిని పిల్లల చేతికి అందకుండా కాపాడాలి. నాకిది తగిన పనిగా తోచదు.

కాబట్టి మన రైతు ముందు చేయాల్సింది పాతదాన్ని లైసెన్సున్న డీలరు దగ్గరికి తీసుకెళ్లి చూపించడం. ఖాళీ రివాల్వర్‌ను మూసి పట్టుకుని గొట్టాన్ని కిందికీ మీదికీ కదిలిస్తే గడియ దగ్గర టక్‌మని చప్పుడు వస్తోందా? సుత్తి లేపి ఉంచినప్పుడు సిలిండర్ గట్టిగా నిలబడుతోందా, పక్కలకు ఊగుతోందా? సిలిండర్ గది గొట్టం వెనక నోటికి సూటిగా ఎదురుపడాలి. పడకపోతే గుండు అంచు చెక్కుకుపోయి సీసం తునకలు పక్కలకు చిమ్ముతాయి, పట్టుకున్నవాడి చేతికే గాయం చేస్తాయి. తోలు సంచిలో ఏళ్లుగా ఉంది కాబట్టి తుప్పు కూడా వెతకాలి. తోలు చెమ్మ పీలుస్తుంది, దాన్ని పదును చేయడానికి వాడిన మందులు ఇనుమును తింటాయి. తుపాకీని తోలు సంచిలో దాచకూడదు, నూనె రాసి పొడిగా ఉన్న చోట ఉంచాలి. తూటాల పెట్టె కూడా 1998 నాటిదే అయితే, కొత్త రివాల్వర్ కొన్నా ఆ తూటాలు కచ్చితంగా పేలతాయని నమ్మలేం. ముందు మార్చాల్సింది వాటిని.

గడియ బిగువుగా ఉండి, సిలిండర్ ఊగకపోతే రెండు లక్షలు పెట్టి మార్చాల్సిన అవసరం నాకు కనబడదు. గడియ వదులైతే, కొన్ని వందల తూటాలు కాల్చి సాధన చేసే ఓపిక ఉన్నవాళ్లయితే, మార్చడం న్యాయం. అప్పుడు తేలికైన నిర్భీక్ కంటే ప్రబలే మేలు. వదులైంది గానీ పదేళ్లుగా ఒక్క తూటా కాల్చలేదంటారా, మూడో దారి ఉంది: అప్పజెప్పి లైసెన్సు వదులుకోవడం. పరువు తక్కువని దాన్ని తోసిపుచ్చకూడదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. అప్పులు, పంట నష్టం కుంగదీసిన రాత్రి పురుగుమందు తాగిన మనిషిని కొన్నిసార్లు ఆసుపత్రికి చేర్చి బతికించుకున్న ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి. రివాల్వర్ చేతికందితే ఆ అవకాశం దాదాపు ఉండదు. గోడకు బిగించిన ఉక్కు లాకరు, తూటాలకు వేరే గదిలో వేరే తాళం. ఏ తరం రివాల్వర్‌కైనా ముందు ఈ ఖర్చు పెట్టాలి.

చివరికి మాట కొడుకు దగ్గరికే వస్తుంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకీ ఇరవై ఐదేళ్లు తన దగ్గరున్నా, రెండింటిలో ఏది ముందైతే అప్పుడు వారసుడికి బదలాయించమని అడగవచ్చు. మన రైతుకు ఆ ఇరవై ఐదేళ్లు 2023లోనే నిండాయి. కొడుకు సొంతంగా లైసెన్సుకు అర్హుడు కావాలి, భద్రతా శిక్షణ పొందినట్టు పత్రం చూపాలి, పోలీసు విచారణ జరగాలి. అంటే ఇప్పుడు కొనే రివాల్వర్ తండ్రికి డెబ్బై నిండేదాకా ఆయన చేతిలో నాలుగేళ్లుండి, కొడుకు చేతిలో ముప్పై ఏళ్లుంటుంది.

అందుకే ఆ తండ్రి ఫోన్ పక్కన పెట్టి అడగాల్సిన మాట ఇది: "ఒరేయ్, నువ్వు దీన్ని నీ ఇంట్లో, నీ పిల్లలున్న ఇంట్లో పెట్టుకుంటావా?" కొడుకు ఆగి, ఆలోచించి, అక్కర్లేదంటే, గడియ బిగువుగా ఉన్న పక్షంలో పాతదాన్ని ఆయన ఉన్నన్నాళ్లూ నూనె రాసి ఉంచుకుంటే సరిపోతుంది. అవునంటే, ముందు కొడుకు శిక్షణలో చేరాలి. ఏ రివాల్వర్ అన్నది ఆ శిక్షణ పూర్తయ్యాక, పాతదీ కొత్తదీ చేత్తో పట్టి కాల్చి చూశాక, అతనే చెబుతాడు.