పాఠం 9: స్పోర్ట్స్ కారు రోల్‌బార్‌కు అదనపు బ్రేక్ లైటు అమర్చడం

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 మూడో బ్రేక్ లైటు ఎందుకు?
9.3 లైటును ఎంచుకోవడం
9.4 రోల్‌బార్‌పై స్థానం, బిగింపు
9.5 వైరింగ్
9.6 పరీక్ష, లోపాల గుర్తింపు
9.7 సారాంశం
9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు
9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మధ్యలో ఎత్తుగా ఉండే మూడో బ్రేక్ లైటు వల్ల కలిగే ప్రయోజనాన్ని వివరించగలుగుతారు.
• ఫిలమెంటు బల్బుకు, ఎల్‌ఈడీకి గల తేడాను లెక్కతో చూపగలుగుతారు.
• రోల్‌బార్‌ను బలహీనపరచకుండా లైటును బిగించే పద్ధతిని చెప్పగలుగుతారు.
• బ్రేక్ లైట్ల వలయం నుంచి సరైన చోట కనెక్షన్ తీసుకోగలుగుతారు.

9.1 పరిచయం

గత పాఠంలో వాహనం వెనుక భాగంలోని దీపాల వలయాన్ని చదివారు. ఆ జ్ఞానాన్ని ఒక చిన్న పనికి ఎలా ఉపయోగించాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఉదాహరణగా ఎం.జి.బి. అనే బ్రిటిష్ ఓపెన్ కారును తీసుకుంటున్నాం. ఇది 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్‌లో తయారైంది. బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ ఈ కార్లు ఇప్పటికీ చాలా తిరుగుతున్నాయి. వీటికి వెనుక రెండు బ్రేక్ లైట్లే ఉంటాయి. అవి కూడా కిందికి, కారు మూలల్లో ఉంటాయి. నేటి రోడ్లపై ఇంత తక్కువ ఎత్తున్న కారు వెనుక ఒక లారీయో, ఎత్తయిన జీపు లాంటి వాహనమో దగ్గరగా వస్తే, ఆ డ్రైవరు దృష్టి ఈ లైట్ల మీదుగా ముందుకు పోతుంది. కారు బోల్తా పడితే తలను కాపాడడానికి సీట్ల వెనుక బిగించే ఉక్కు గొట్టాన్ని రోల్‌బార్ అంటారు. చాలామంది యజమానులు దాన్ని ఎలాగూ అమర్చుకుంటారు. కారులో ఎత్తయిన, దృఢమైన ఆధారం అదే కాబట్టి మూడో లైటుకు అది అనువైన చోటు.

9.2 మూడో బ్రేక్ లైటు ఎందుకు?

ఎం.జి.బి. వెనుక లైటులో ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. 5 వాట్ల ఫిలమెంటు రాత్రి వెలిగే టెయిల్ లైటు. 21 వాట్ల ఫిలమెంటు బ్రేక్ లైటు. రాత్రివేళ బ్రేకు వేసినప్పుడు వెనుకవారికి కనిపించేది కొత్త దీపం కాదు. అప్పటికే వెలుగుతున్న ఎర్రదీపం మరింత ప్రకాశవంతం కావడమే. అద్దం మసకబారినా, రిఫ్లెక్టర్ తుప్పుపట్టినా ఈ తేడా కనిపెట్టడం కష్టమవుతుంది. మూడో లైటు బ్రేకు వేసినప్పుడు మాత్రమే వెలుగుతుంది. ‘లేదు’ నుంచి ‘ఉంది’కి వచ్చే మార్పును కన్ను త్వరగా పట్టుకుంటుంది.

రెండో ప్రయోజనం ఎత్తు. మధ్యలో ఎత్తుగా ఉన్న లైటు, మన వెనుక ఉన్న కారు అద్దాల గుండా ఆ వెనుక ఉన్న డ్రైవరుకు కూడా కనిపించవచ్చు.

ఈ ఆలోచనను అమెరికాలో టాక్సీలపై పరీక్షించారు. వేగం తగ్గుతున్నట్టు తెలిపే అదనపు దీపాన్ని సాన్‌ఫ్రాన్సిస్కో టాక్సీల వెనుక అమర్చి జరిపిన ప్రయోగ ఫలితాలను జాన్ వొయెవోడ్‌స్కీ 1974లో ప్రచురించారు. వెనుకనుంచి ఢీకొనే ప్రమాదాలు ఆ టాక్సీలలో సుమారు 60 శాతం తగ్గాయని అందులో తేలింది. మరికొన్ని పరీక్షల తరువాత 1986 మోడల్ కార్ల నుంచి మధ్య బ్రేక్ లైటును అమెరికాలో తప్పనిసరి చేశారు. చిన్న ట్రక్కులకు ఈ నియమం 1994 మోడల్ నుంచి వర్తించింది.

అయితే లాభాన్ని అతిగా ఊహించుకోకూడదు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 1998లో వెలువరించిన అంచనా ప్రకారం, వెనుకనుంచి ఢీకొనే ప్రమాదాల తగ్గుదల 1987లో 8.5 శాతం ఉండగా, తరువాతి సంవత్సరాలలో 4.3 శాతం దగ్గర నిలిచింది. కొత్తగా ఉన్నప్పుడు ప్రతి ఒక్కరి దృష్టినీ లాగిన లైటు, అందరి కార్లకూ వచ్చాక మామూలైపోయింది. అయినా ఇంత తక్కువ ఖర్చుతో ఆ మేరకు ప్రమాదాలు తగ్గడం చిన్న విషయం కాదు. పైగా ఇప్పుడు రోడ్డుమీది డ్రైవర్లందరూ మూడు లైట్లకు అలవాటు పడ్డారు. ఆ మూడోది లేని పాత కారు వారి కంటికి ఆనకపోయే అవకాశం ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
రాత్రివేళ మూడో బ్రేక్ లైటు మిగతా రెండింటికంటే త్వరగా దృష్టిని ఆకర్షించడానికి కారణమేమిటి?

9.3 లైటును ఎంచుకోవడం

మార్కెట్లో ఫిలమెంటు బల్బుతోనూ, ఎల్‌ఈడీలతోనూ లైట్లు దొరుకుతాయి. రెండు కారణాల వల్ల ఎల్‌ఈడీ మేలు.

మొదటిది సమయం. ఫిలమెంటు వేడెక్కి పూర్తి వెలుగు ఇవ్వడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఎల్‌ఈడీ దాదాపు తక్షణమే వెలుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 27.8 మీటర్లు. వెనుక వాహనం ఆ 0.2 సెకనులో 5.6 మీటర్లు ముందుకు వస్తుంది. ఇది ఒక కారు పొడవుకంటే ఎక్కువ.

రెండోది విద్యుత్ ప్రవాహం. 12 వోల్టుల వద్ద 21 వాట్ల బల్బు 21 ÷ 12 = 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు బల్బులకు 3.5 ఆంపియర్లు. మూడోది కూడా అదే బల్బయితే మొత్తం 5.25 ఆంపియర్లు. 3 వాట్ల ఎల్‌ఈడీ అయితే అదనపు భారం 0.25 ఆంపియరు మాత్రమే.

ఈ తేడా పాత కారులో ఎందుకు ముఖ్యమో చూద్దాం. ఏళ్ల తరబడి వాడిన బ్రేక్ స్విచ్చు, తుప్పుపట్టిన కనెక్టర్లు కలిసి 0.5 ఓమ్ నిరోధం చూపుతున్నాయనుకోండి. 3.5 ఆంపియర్ల ప్రవాహానికి అక్కడ సుమారు 1.75 వోల్టులు పోతాయి. ప్రవాహం 5.25 ఆంపియర్లయితే సుమారు 2.6 వోల్టులు పోతాయి. వోల్టేజి తగ్గినప్పుడు బల్బు ప్రవాహం కూడా కొంత తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం దీనికి కాస్త తక్కువే ఉంటుంది. అయినా ఫిలమెంటు బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. అంటే మూడో బల్బు కలపడం వల్ల ఉన్న రెండు బల్బులూ ఇంకా మసకబారతాయి. భద్రత కోసం చేసిన పని భద్రతను తగ్గిస్తుంది. ఫిలమెంటు లైటే వాడాల్సి వస్తే రిలే ద్వారా విడిగా విద్యుత్ ఇవ్వాలి.

లైటు రంగు ఎరుపే ఉండాలి. వెలుగు నిలకడగా ఉండాలి. మిణుకుమిణుకుమనే రకాలు వద్దు. ఆమోద ముద్ర ఉన్న లైటునే కొనండి. ఐరోపా నిబంధనలలో ఈ లైటును ‘ఎస్3’ తరగతి అంటారు. లెన్స్‌పై ఆ గుర్తు ఉంటుంది.

9.4 రోల్‌బార్‌పై స్థానం, బిగింపు

ఐరోపా నిబంధనల ప్రకారం ఈ లైటు కింది అంచు వెనుక అద్దం కింది అంచుకు 150 మిల్లీమీటర్లకంటే దిగువన ఉండకూడదు, లేదా నేలనుంచి కనీసం 850 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. రెండు ప్రధాన బ్రేక్ లైట్లకంటే పైన ఉండాలి. రోల్‌బార్ పైగొట్టం మధ్యభాగం ఈ షరతులకు సరిపోతుంది. బిగించేటప్పుడు కింది జాగ్రత్తలు పాటించండి.

1. గొట్టానికి రంధ్రం చేయకూడదు, వెల్డింగ్ చేయకూడదు. కారు తలకిందులైనప్పుడు బరువంతా ఆ గొట్టమే మోయాలి. వంపు దగ్గర చేసిన చిన్న రంధ్రం కూడా గొట్టం మడత పడడానికి మొదలు కావచ్చు. రబ్బరు పొర ఉన్న క్లాంపులు వాడండి.

2. లైటు గొట్టానికి వెనుకవైపే ఉండాలి. ముందువైపుగాని, కిందివైపుగాని పొడుచుకు వస్తే ప్రమాదంలో తలకు తగులుతుంది. గొట్టంపై ఉన్న మెత్తటి పాడింగ్‌ను లైటు కోసం తొలగించకూడదు.

3. క్లాంపులు బిగించకముందే టాప్‌ను ఒకసారి పూర్తిగా మూసి, మళ్లీ మడిచి చూడండి. టాప్ ఫ్రేము లైటుకు తగలకూడదు.

4. టాప్ మూసినప్పుడు రోల్‌బార్ లోపలే ఉంటుంది. లైటు వెనుకనున్న ప్లాస్టిక్ కిటికీ గుండా కనిపించాలి. ఆ ప్లాస్టిక్ పసుపుబారి ఉంటే లైటు ఉన్నా లేనట్టే. ముందు దాన్ని శుభ్రం చేయండి, అవసరమైతే మార్చండి. రాత్రివేళ ఎర్రని వెలుగు ఆ ప్లాస్టిక్‌పై పడి తిరిగి డ్రైవరు అద్దంలోకి వస్తుంది. లైటు చుట్టూ నల్లటి స్పాంజి అంచు అతికిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

9.5 వైరింగ్

బ్రిటిష్ కార్లలో తీగల రంగులకు స్థిరమైన అర్థాలున్నాయి. ఇగ్నిషన్ స్విచ్చు తరువాత ఫ్యూజు గుండా వచ్చే తీగ ఆకుపచ్చ. బ్రేక్ స్విచ్చు నుంచి వెనుక బ్రేక్ లైట్లకు వెళ్లే తీగ ఆకుపచ్చపై ఊదా గీత. టెయిల్ లైట్ల తీగ ఎరుపు. ఎర్త్ తీగ నలుపు. మనకు కావలసింది ఆకుపచ్చ-ఊదా తీగ. అది డిక్కీలో వెనుక లైట్ల దగ్గర బుల్లెట్ కనెక్టర్లతో కలుస్తుంది.

పని క్రమం:
(అ) బ్యాటరీ ఎర్త్ కనెక్షన్ తీసేయండి.
(ఆ) ఆకుపచ్చ-ఊదా తీగ కనెక్టరు దగ్గర నుంచి కొత్త తీగను తీయండి. తీగను బ్లేడుతో గీరి చుట్టడం మంచి పద్ధతి కాదు. అదనపు కనెక్టరు వాడండి.
(ఇ) కనెక్షన్‌కు దగ్గరలోనే 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఈ కారు మూల ఫ్యూజుపై 35 ఆంపియర్లు అని ఉంటుంది. సన్నని కొత్త తీగ షార్టయితే ఆ ఫ్యూజు కాలేలోపు తీగే కాలుతుంది.
(ఈ) డిక్కీనుంచి సీట్ల వెనక్కి తీగ వెళ్లే రంధ్రంలో రబ్బరు గ్రామెట్ తప్పనిసరిగా ఉండాలి.
(ఉ) రోల్‌బార్ కాలి వెంట తీగను వెనుకవైపు తీసుకెళ్లి పట్టీలతో కట్టండి. సీటు వెనక్కి జరిపినప్పుడు నలగకూడదు.
(ఊ) ఎర్త్ తీగను రోల్‌బార్‌కు కాక, రంగు గీకిన బాడీ లోహానికి కలపండి. రోల్‌బార్‌కు పెయింటు పూత ఉంటుంది కాబట్టి దాని ఎర్త్ నమ్మదగింది కాదు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఎం.జి.బి. 1967 చివరలో నెగటివ్ ఎర్త్‌కు మారింది. అంతకు ముందరి కార్లలో బ్యాటరీ పాజిటివ్ ధ్రువమే బాడీకి కలిసి ఉంటుంది. ఫిలమెంటు బల్బుకు ధ్రువాలతో పని లేదు, ఎల్‌ఈడీకి ఉంది. పాజిటివ్ ఎర్త్ కారులో లైటు ఎర్ర తీగ బాడీకి, నల్ల తీగ ఆకుపచ్చ-ఊదా తీగకు కలపాలి. అప్పుడు లైటు లోహపు తొడుగు నల్ల తీగకు కలిసి ఉండకూడదు. ఉంటే క్లాంపు ద్వారా షార్టవుతుంది. కొన్ని పాత కార్లను తరువాతి యజమానులు మార్చి ఉంటారు. కాబట్టి తయారీ సంవత్సరాన్ని నమ్మకుండా బ్యాటరీని చూసి నిర్ధారించుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
మూల ఫ్యూజు ఉన్నా కొత్త తీగకు వేరే ఫ్యూజు ఎందుకు అవసరం?

9.6 పరీక్ష, లోపాల గుర్తింపు

ఈ కారులో ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటేనే బ్రేక్ లైట్లు వెలుగుతాయి. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఇగ్నిషన్‌ను ఎక్కువసేపు ఆన్‌లో ఉంచితే కాయిల్ వేడెక్కుతుంది. పరీక్షను త్వరగా ముగించండి. ఒకరు పెడల్ నొక్కుతుండగా మరొకరు పది అడుగులు వెనక్కి నిలబడి చూడాలి.

• మూడూ వెలగకపోతే: ఆకుపచ్చ తీగ ఫ్యూజు, బ్రేక్ స్విచ్చు చూడండి.
• మూడోది వెలిగి రెండూ వెలగకపోతే: బల్బులు, వాటి ఎర్త్ చూడండి.
• రెండూ వెలిగి మూడోది వెలగకపోతే: ధ్రువాలు, 2 ఆంపియర్ల ఫ్యూజు, కొత్త ఎర్త్ చూడండి.
• ఇండికేటరు వేసినప్పుడు మూడోది మిణుకుమంటే: కనెక్షన్ తప్పు తీగనుంచి తీశారు.

రెండో సందర్భాన్ని తేలికగా తీసుకోకండి. పైలైటు బాగా వెలుగుతోందన్న ధీమాతో కింది లైట్లు పోయిన సంగతి యజమాని గమనించకపోవచ్చు. మూడో లైటు మిగతా రెండింటికి తోడే గాని ప్రత్యామ్నాయం కాదు. అందుకే పని మొదలుపెట్టకముందే పాత లైట్ల అద్దాలు, రిఫ్లెక్టర్లు, ఎర్త్ సరిచేయాలి.

మన దేశంలో ఇలాంటి పని చేసేవారు మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52ను గుర్తుంచుకోవాలి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై అందులో ఆంక్షలున్నాయి. రోల్‌బార్ అయినా, దీపమైనా ముందుగా రవాణా కార్యాలయంలో విచారించి పని చేపట్టడం మంచిది.

9.7 సారాంశం

మూడో బ్రేక్ లైటు బ్రేకు వేసినప్పుడే వెలగడం, ఎత్తుగా ఉండడం వల్ల వెనుకవారిని త్వరగా హెచ్చరిస్తుంది. ఎల్‌ఈడీ వేగంగా వెలుగుతుంది, పాత వలయంపై భారం మోపదు. రోల్‌బార్‌ను కోయకుండా, రంధ్రం చేయకుండా క్లాంపులతో లైటును వెనుకవైపు బిగించాలి. ఆకుపచ్చ-ఊదా తీగనుంచి సొంత ఫ్యూజుతో కనెక్షన్ తీసుకుని, బాడీకి ఎర్త్ ఇవ్వాలి. ఎర్త్ ధ్రువాన్ని ముందే నిర్ధారించుకోవాలి.

9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు

1. ప్రధాన లైట్లు టెయిల్ లైట్లుగా అప్పటికే వెలుగుతుంటాయి. వాటి ప్రకాశం పెరుగుతుంది అంతే. మూడోది ఆరి ఉన్న స్థితినుంచి వెలుగుతుంది.
2. మూల ఫ్యూజు విలువ ఎక్కువ. కొత్త సన్నని తీగ షార్టయితే ఫ్యూజుకంటే ముందు తీగ కాలుతుంది.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. పాత కారు బ్రేక్ లైట్ల వలయానికి మూడో ఫిలమెంటు బల్బు కలిపితే కలిగే నష్టాన్ని లెక్కతో వివరించండి.
2. రోల్‌బార్‌పై లైటు బిగించేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలు, వాటి కారణాలు రాయండి.
3. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం 0.2 సెకనులో ఎంత దూరం ప్రయాణిస్తుంది?
4. పాజిటివ్ ఎర్త్ ఉన్న కారుకు ఎల్‌ఈడీ లైటు కలిపే పద్ధతిని పటం గీసి చూపండి.