లాంజరోటే ద్వీపము: నిప్పుకొండ రవ్వలో సేద్యము

అట్లాంటిక్ మహాసముద్రములో, ఆఫ్రికా తీరమునకు ఇంచుమించు 80 మైళ్ల దూరమున లాంజరోటే యను ద్వీపము కలదు. ఇది స్పెయిను దేశమునకు చెందిన కెనరీ దీవులలో నొకటి. వైశాల్యము సుమారు 325 చదరపు మైళ్లు. నివాసులు లక్షన్నరకు పైబడినవారు; విశ్రాంతికై ఏటేట వచ్చు యాత్రికులో, సుమారు 30 లక్షలు. అచ్చట నది లేదు, అడవి లేదు. సాలు మొత్తముమీద ఆఱు అంగుళముల వాన కురిసిన గొప్ప. మన అనంతపురము జిల్లాలోనే దానికి మూడు రెట్లకు మించి కురియును. అట్టి చోటికి ఇంతమంది ఏమి చూడబోవుచున్నారు? ఎండయు, ఇసుకతిన్నెలును కొంత కారణమే గాని, అవి ఇతర చోట్లను కలవు. ఇచ్చటి వింత వేఱు. నిప్పుకొండలు పాడుచేసిన నేలయు, ఆ నేలను రైతులు మరల లొంగదీసికొనిన తీరును ఇచ్చట ప్రక్కప్రక్కనే కనబడును.

1730వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ రాత్రి తిమన్‌ఫాయా గ్రామమునకు చేరువను భూమి పగిలి నిప్పు వెడలెను. ఆ ఉపద్రవము 1736 ఏప్రిలు వఱకు విడిచి విడిచి సాగినది. యాయిసా గ్రామపు క్రైస్తవ గురువు ఆండ్రెస్ లొరెన్సో కుర్బేలో యనునతడు తాను చూచినది వ్రాసిపెట్టుటచే ఆ వివరములు మనకు దక్కినవి. కరగిన రాయి ఏఱువలె పాఱి ఊళ్లను మ్రింగెను. ద్వీపములో దాదాపు నాలుగవ వంతు దానిక్రింద పడిపోయెను. అందు చాల భాగము ధాన్యము పండు మేలైన భూములే. ఎన్నో కుటుంబములు పొరుగు దీవులకు వలసపోయినవి.

రాయి గడ్డకట్టిన చోట ఎవరును చేయగలిగినది లేదు. కాని కొన్ని తావులలో రాతికి బదులు నల్లని రవ్వ కురిసి పాతనేలను కప్పెను. దీనిని అచ్చటివారు రోఫె యందురు. ఇది మన పొయ్యిలోని బూడిద వంటిది కాదు. గుల్లగా నుండు సన్నని రాతి నలుసులు. ఈ రవ్వ క్రింది మట్టిలో తేమ చాలకాలము నిలుచుచున్నదని మిగిలిన రైతులు కనిపెట్టిరి. వానచినుకు ఆ నలుసుల సందులగుండ క్షణములో దిగి మట్టిని చేరును. మట్టిలోని చెమ్మ మరల పైకెక్కి ఎండకు ఎగిరిపోవుటకు మాత్రము త్రోవ దొరకదు. గుంటక తోలి పైమన్ను పొడిచేసినచో అడుగు తేమ నిలుచునని మన మెట్టరైతులు ఎఱుగుదురు గదా! అదే సూత్రము ఇచ్చట ఇంకను బలముగ పనిచేయుచున్నది. రాత్రివేళ సముద్రపు గాలిలోని చెమ్మను కూడ రవ్వ పీల్చునని చెప్పుదురు. అది కొంత నిజమే కావచ్చును గాని, ఆవిరి కాకుండ ఆపుటయే దాని ముఖ్యగుణమని శాస్త్రజ్ఞులు కొలిచి తేల్చిరి.

లా హెరియా యను ప్రాంతములో రవ్వ మిక్కిలి మందముగ పడినది. అచ్చట పది అడుగుల లోతు వఱకు గరాటు ఆకారమున గుంట త్రవ్వి, పాతమన్ను తగిలినచోట ఒక్క ద్రాక్షమొక్కను నాటుదురు. ఈశాన్యపు గాలి కొట్టకుండ గుంట గట్టుమీద అర్ధచంద్రాకారముగ రాతిగోడ పేర్చుదురు. సున్నము లేదు, అడుసు లేదు. రాయిమీద రాయి, అంతే. ఎకరమునకు మొక్కలు నూటికి అటునిటుగా పట్టును. అందులోనికి యంత్రము దిగదు. పనియంతయు పార, గంప, మనిషి వెన్ను. నల్లని కొండవాలున వేలకొలది గుంటలు, ప్రతిగుంటలో ఒక పచ్చని తీగ: చూచినవారు మఱువలేని దృశ్యమందురు. ఆ ద్రాక్షలో మల్వసియా యను రకము ప్రసిద్ధము. దానినుండి సారాయి తీయుదురు. మనకు సారాయితో పనిలేదు. సేద్యపు పద్ధతితోనే పని.

రవ్వ పడని గ్రామములవారు ఊరకుండలేదు. దానిని మోసికొనివచ్చి తమ పొలములపై కొలది అంగుళముల మందమున పఱచి ఉల్లి, పప్పుధాన్యములు మొదలగువానిని పండించిరి. కొన్నియేండ్లకు రవ్వ మట్టిలో కలిసిపోవును గనుక దానిని మరల పఱవవలెను. ఇది చిన్న పనికాదు. మఱికొందఱు సముద్రపుగాలి కొట్టుకొనివచ్చు తెల్లని ఇసుకలో చిలగడదుంపలు పెంచుచున్నారు.

ఇక నాగజెముడు సంగతి. దక్షిణ హిందూదేశములో ఇది పొలములను ఆక్రమింపగా, 1926లో సింహళమునుండి ఒక పురుగును తెప్పించి దానిని అణచిరి. ఆ పురుగునకు దాయాదియైన కొచినీలు పురుగును లాంజరోటే రైతులు కోరి నాగజెముడుపై పెంచి, గీకి, ఎండబెట్టి ఎఱ్ఱరంగు తీసెడివారు. కృత్రిమపు రంగులు వచ్చినపిమ్మట, 1870 తరువాత, ధర కూలిపోయినది. మాలా, గ్వాతీసా గ్రామములలో ఆ తోటలు ఇప్పటికిని కనబడును. గ్వాతీసాలో రవ్వ త్రవ్వివిడిచిన పాత గోతిని సెసార్ మన్రికే (1919–1992) యను చిత్రకారుడు 1990లో జెముడుమొక్కల ఉద్యానముగ తీర్చెను. ద్వీపములో ఎత్తైన మేడలు లేవకూడదనియు, బాటల ప్రక్క ప్రకటన పలకలు నిలుపరాదనియు పట్టుబట్టినవాడు ఈతడే. తీరమున అతని మాట అన్నిచోట్ల చెల్లలేదు. ఐనను లోపలి పల్లెలు నేటికిని తెల్లని సున్నపుగోడలతో పొందికగనున్నవి.

1974లో జాతీయవనమైన తిమన్‌ఫాయా చూడదగినది. అచ్చట నేటికిని నేలలోని వేడి చల్లారలేదు. గోతిలో ఎండుకంప వేసిన భగ్గుమని మండును. గొట్టములో నీరు పోసిన ఆవిరియై పైకెగయును. పూర్వము పొలము దున్నిన ఒంటెలు ఇచ్చట యాత్రికులను మోయుచున్నవి. ఉత్తరమున కరగినరాయి పాఱిన సొరంగమొకటి సుమారు నాలుగు మైళ్ల పొడవున సముద్రము వఱకు సాగినది. దానిలో కొంతభాగమగు వెర్దెస్ గుహలో పూర్వులు సముద్రపు దొంగలకు వెఱచి దాగెడివారు. తీరమునకు దగ్గఱ మఱియొక భాగములోని ఉప్పునీటి మడుగున కన్నులులేని తెల్లని చిన్న పీతలు కలవు.

వాననీటి తొట్లపై బ్రతికిన ఈ ద్వీపములో 1964లో సముద్రపునీటి ఉప్పు తీయు యంత్రశాల పనిచేయసాగెను. హోటళ్లు పెరిగినవి. నెలజీతము దొరకగా యువకులు పార దించి అచ్చటికి నడచిరి. వారిని తప్పుపట్టుట న్యాయముగాదు. కాని విడిచిన గుంటలోనికి రవ్వ జాఱును, గోడ కూలును. యాత్రికుడు రూకలిచ్చి చూడవచ్చునది ఆ గుంటలనే. ఆ రూకలలో గుంట త్రవ్వినవానికి చేరునది స్వల్పము. 2025లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ ఈ రవ్వసేద్యమును, ఇసుకసేద్యమును ప్రపంచపు ముఖ్య వ్యవసాయ వారసత్వములలో చేర్చినది. గౌరవము మంచిదే. ద్రాక్షపండునకు గిట్టుబాటు ధర యుండునో లేదో అను ప్రశ్న మాత్రము అచ్చటి రైతునకు ఏటేట జూలై, ఆగస్టు నెలలలో, గంప చేతబట్టి గుంటలోనికి దిగునప్పుడు, ఎప్పటివలెనే ఎదురగుచున్నది.