సముద్రములు దాటుచున్న వంటచెఱకు: ‘శేష’ శబ్దార్థ విచారము

‘సుస్థిరము’ అను మాట నేడు ప్రభుత్వ పత్రములందును వర్తకుల ప్రకటనలందును విరివిగ వినబడుచున్నది. 1987లో బ్రంట్లండు సంఘము వెలువరించిన నివేదిక దీనికి లోకప్రచారము కల్పించినదని సామాన్యముగ చెప్పుదురు. కాని ఈ భావమునకు మూలము అంతకు చాల పూర్వము, కట్టెల కొఱతలో నున్నది. సాక్సనీ రాజ్యమున ఫ్రైబర్గు వెండి గనుల పాలనాధికారియైన హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జు 1713లో అడవుల పెంపకమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. గనులకును, ఖనిజమును కరగించు కొలుములకును కలప చాలకుండుటయే ఆయన చింత. మరల పెరుగగలిగినంత మేరకే అడవిని నఱుకవలెనని చెప్పుటకు ఆయన వాడిన జర్మను మాటయే నేటి ‘సుస్థిర’ శబ్దార్థమునకు పూర్వరూపము. అనగా ఈ శబ్దము పుట్టుకతోడనే ఇంధనమునకు సంబంధించినది. మూడు వందల యేండ్ల తరువాత అదే కట్టె, అదే శబ్దమును వెంటబెట్టుకొని, సముద్రములు దాటుచున్నది.

పచ్చికట్టెలో ఇంచుమించు సగము బరువు నీరే. నీటిని ఓడలపై మోయించుట లాభకరము కాదు. అందుచే కలపను ముక్కలు చేసి, ఎండబెట్టి, పొడిగా దంచి, ఉక్కు పలకలోని రంధ్రములగుండ మిక్కిలి ఒత్తిడితో నెట్టుదురు. ఆ వేడికి కలపలోని లిగ్నిన్ మెత్తబడి, చల్లారినప్పుడు బంకవలె పట్టియుంచును. ఇట్లు తయారైన గుళిక 6 లేక 8 మిల్లీమీటర్ల వ్యాసము కలిగియుండవలెననియు, తేమ 10 శాతమునకు మించరాదనియు, కిలోగ్రామునకు 16.5 మెగాజౌళ్లకు తక్కువ కాని శక్తి నీయవలెననియు అంతర్జాతీయ ప్రమాణము విధించుచున్నది. వైద్యుల ‘గుళిక’ ఇక్కడికి చక్కగ ఒదిగినది. చేతితో తట్టినది పిడక. యంత్రము ఒత్తినది గుళిక. తెలుగులో తీపి గడకును చెఱకనియే పేరు, పొయ్యిలోని కట్టెకును వంటచెఱకనియే పేరు. ఈ రెండింటి సంబంధమును నిరుక్తకారులు తేల్చవలసినదే కాని, చక్కెర కర్మాగారములు పిప్పిని బాయిలర్లలో మండించుటచే చెఱకు నిజముగనే వంటచెఱకైనది.

ఈ వర్తకమునకు ప్రధానోదాహరణము ఇంగ్లండులోని ఉత్తర యార్క్‌షైరులో నున్న డ్రాక్స్ విద్యుత్కేంద్రము. 1970, 1980 దశకములందు బొగ్గుకొఱకై నిర్మింపబడిన ఈ కేంద్రములో ఆఱు విభాగములుండగా, 2013 మొదలు 2018 వఱకు నాల్గింటిని కలప గుళికలకు మార్చిరి. 2021లో బొగ్గుతో వర్తకమునకై విద్యుత్తును తీయుట మానిరి. ఏటేట అరకోటి టన్నులకు మించి గుళికలు ఇక్కడ మండుచున్నవి. వానిలో అధికభాగము అమెరికా ఆగ్నేయ రాష్ట్రములనుండియు, కెనడానుండియు వచ్చును. లూసియానాలోని బాటన్ రూజ్ వంటి రేవులనుండి బయలుదేరిన ఓడలు ఇమ్మింగ్‌హాం మొదలగు రేవులకు చేరగా, అటనుండి రైళ్లు సరుకును మోసికొనిపోవును. దీనికి బ్రిటిషు ప్రభుత్వము విశేషముగ ధనసహాయము చేసినది. ఏలననగా కలపతో పుట్టిన విద్యుత్తునకు ఆ దేశపు లెక్కలో అంగారక వాయువు సున్న.

ఈ సున్న ఎట్లు వచ్చినదో తెలిసికొనుట ముఖ్యము. పొగగొట్టము వద్ద మాత్రమే చూచినచో కలప బొగ్గుకంటె మేలు కాదు. ఒక టెరాజౌల్ శక్తికి కలప 112 టన్నుల అంగారక వాయువును విడుచునని అంతర్జాతీయ వాతావరణ సంఘపు ప్రామాణిక సంఖ్య. సామాన్యమైన బిటుమినస్ బొగ్గునకు అది 94.6 టన్నులు. ఐనను, చెట్టు పడిన దేశమందే, అడవుల పద్దులో, ఆ వాయువును వ్రాయవలెనని నియమము. మండించిన చోట మరల వ్రాసినచో ఒకే వాయువును రెండుమారులు లెక్కించినట్లగును. నియమము అసంగతము కాదు. కాని రెండు ఖాతాలు గల వ్యవహారమున రెండు ఖాతాలను సమముగ పాటించువారుండవలెను గదా. క్యోటో ఒడంబడికను అమెరికా ఎన్నడును ధ్రువపఱుపలేదు. కెనడా 2011లో దానినుండి వైదొలగుచున్నట్లు ప్రకటించినది. కొన్న దేశము సున్న వ్రాసికొనెను. అమ్మిన దేశములకు తమ పద్దును సరిచేయవలసిన బాధ్యత లేదయ్యెను. టిమ్ సర్చింజరు మొదలగు శాస్త్రజ్ఞులు 2009లోనే ‘సైన్స్’ పత్రికలో ఈ లోపమును ఎత్తిచూపిరి. కాలభేదమొకటి కలదు: గుళిక క్షణములో మండును, దాని స్థానమున నాటిన చెట్టు ఆ వాయువును తిరిగి పీల్చుకొనుటకు దశాబ్దములు పట్టును.

వర్తకులు దీనికి చెప్పు సమాధానము ఒక్క మాటపై నిలిచియున్నది. మేము మండించునది చెట్లు కావు, శేషములు మాత్రమే యందురు. భాషావిషయము వాదమునకు కేంద్రమగుట ఇచ్చటనే. శేషమన మిగిలినది యని లోకవ్యవహారము. మీమాంసకులకు మాత్రము శేషమనగా మఱియొకదాని ప్రయోజనముకొఱకై యుండునది. అది దేనికొఱకో అది శేషి. ఈ రెండర్థములను విడదీసి చూచినచో తగవు స్పష్టమగును. కోతమిల్లులో పలకలు కోయగా రాలిన రంపపు పొట్టు మొదటి యర్థమున శేషము. దానిని కొనువారు లేకున్నను అది రాలియే తీరును. పలకలకు పనికిరాదని గుళికల మిల్లునకు తోలిన నిండు దుంగ సంగతి అట్లు కాదు. కొనువాడు లేనిచో ఆ చెట్టు పడియుండెడిదా? పడియుండెడిది కానిచో అది మిగిలినది కాదు, ఇంధనార్థమే నఱుకబడినది. కొన్ని పత్రములలో ఇట్టి దుంగలకును ‘శేషము’ అను పేరే చెల్లుచున్నది. కెనడానుండి తెచ్చిన కలప ఏ తరగతికి చెందినదో చూపు వివరములను సరిగా సమర్పింపలేదని అచటి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ తేల్చగా, 2024లో డ్రాక్స్ సంస్థ 2.5 కోట్ల పౌండ్లు చెల్లించుటకు అంగీకరించినది. బుద్ధిపూర్వకమైన మోసమునకు ఆధారము కనబడలేదని కూడ ఆఫ్‌జెమ్ చెప్పినది. తరగతుల పేర్లు ఎంతటి ధనమును మోయుచున్నవో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

శేషము ఎల్లకాలము శేషముగ నుండదు. దీనికి సాక్ష్యము మన యెదుటనే కలదు. 2000 సంవత్సరము తరువాత ఆంధ్రప్రదేశమున ఊకను, సర్కారు తుమ్మ కట్టెను మండించు చిన్న విద్యుత్కేంద్రములు పెక్కు వెలసినవి. బియ్యపు మిల్లుల వెనుక గుట్టలుగ పడియున్న ఊకకు కొనుగోలుదారు దొరకగానే వెల యేర్పడినది. వెల యేర్పడిన పిమ్మట అది పారవేయదగిన వస్తువు కాలేదు, ఇటుకబట్టీలవారును దానికి పోటీపడిరి. 2021లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ బొగ్గు కేంద్రములలో 5 శాతము గడ్డి మొదలగు వ్యవసాయశేషముల గుళికలను కలిపి మండింపవలెనని విధించినది. పశువుల మేతయగు గడ్డిని ఏ తరగతిలో చేర్చవలెనను ప్రశ్న అచ్చటను రాకపోదు.

ఇంధనమును కదలింపకయే దాని ఫలమును మాత్రము విదేశమునకు అమ్మిన చిత్రమైన ఉదాహరణ మొకటి మనకు కలదు. నాటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అను గిరిజన గ్రామమున స్త్రీల సంఘములు కానుగ చెట్లను పెంచి, గింజలనుండి నూనె తీయుచుండిరి. డీజెలునకు బదులు ఈ నూనె వలన తగ్గు 147 టన్నుల అంగారక వాయువునకు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించినది. మొత్తము స్వల్పమే. కాని ఇక్కడ చెట్టు నిలిచియున్నది, గింజయే రాలినది. అమ్మినది ఏదో, అది ఎవరి పద్దులోనిదో ఉభయులకును తెలిసియున్నది. పెద్ద వర్తకములో అరుదైనది ఇదియే.

తాటిజాతికి చెందిన పామాయిలు విషయమున వివాదము న్యాయస్థానమువంటి వేదికకే ఎక్కినది. అడవులను త్రోసివేయు ప్రమాదము ఎక్కువని ఐరోపా కూటమి 2019లో దానిని 2030 నాటికి వాహనేంధనపు లెక్కలనుండి తొలగింప నిశ్చయించినది. ఇండొనీషియా, మలేషియా దేశములు ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసినవి. 2024లోను 2025లోను వెలువడిన నివేదికలు అట్టి నియమము చేయు హక్కును ఒప్పుకొనుచునే, అమలు చేసిన తీరులో లోపములున్నవని చెప్పినవి.

బ్రిటిషు ప్రభుత్వము 2025లో డ్రాక్స్ సహాయమును 2027 నుండి 2031 వఱకు తగ్గించిన మేరకు కొనసాగింప నిశ్చయించి, కలప అంతయు సుస్థిర మూలములనుండియే రావలెనని షరతు పెట్టినది. మన భాషలలో ఈ విషయమున పారిభాషిక పదములు నేడు కూర్చబడుచున్నవి. ‘శేషము’ అను ఒక్క మాటతో సరిపెట్టక, పొట్టు, ఊక, పిప్పి మొదలగువానికి ‘అవశేషము’ అనియు, కొనుగోలుకై నఱికిన దుంగకు ‘ఇంధనకలప’ అనియు వేర్వేరు పదములు నిలుపుట యుక్తమని నా యభిప్రాయము. గడ్డివంటి రెండుపనుల వస్తువునకు మాత్రము ఇంకను తగిన మాట దొరకవలసియున్నది.