పైకి పలుకని సంకేతపదము

మా కేంద్రమునుండి వెలువడు మాట ఎల్లరికిని వినబడవలెనని మేము కోరుదుము. నేడు మన యిండ్లలో నెలకొన్న వైఫై పెట్టె కోరిక దీనికి విరుద్ధము. దాని తరంగములును గోడలు దాటి పొరుగింటికి పోవును. అయినను అందలి విషయము ఇంటివారికే తెలియవలెను. మరి మీ ఫోను ఇంటిదో పరాయిదో ఆ పెట్టె ఎట్లు గుర్తించును?

సంకేతపదము చెప్పును అని మీరనవచ్చును. గాలిలో చెప్పిన మాటను చాటుననున్నవాడును వినును గదా! కావున ఫోను ఆ పదమును పైకి పలుకరాదు. అది తనకు తెలియునని మాత్రము నిరూపింపవలెను.

1997లో ఏర్పడిన 'వెప్' అను తొలి పద్ధతి ఇందు విఫలమైనది. పెట్టె ఒక ప్రశ్నను బహిరంగముగా పంపును. ఫోను దానిని రహస్యలిపిలోనికి మార్చి తిరిగి పంపును. చాటున వినువానికి రెండును చిక్కును. రెంటిని పోల్చినచో ఆ ప్రశ్నను కప్పిన సంకేతధార దొరకును. దానితోనే వాడు మరియొక ప్రశ్నకు జవాబీయగలడు. తాళపుచెవితో పనియే లేదు! 2001 నాటికి ఈ లోపములన్నియు వెల్లడియైనవి.

2004లో వచ్చిన 'డబ్ల్యుపిఎ-2' పద్ధతిలో నాలుగు ఉత్తరములు నడచును. ముందుగా ఇరుపక్షములును సంకేతపదమును వైఫై పేరుతో కలిపి, గణితపు తిరుగలిలో 4096 మారులు త్రిప్పి, ఒక మూలకీలకమును సిద్ధపరచుకొనును. మొదటి ఉత్తరములో పెట్టె అప్పటికప్పుడు కల్పించిన యొక సంఖ్యను పంపును. ఫోను తానొక సంఖ్యను కల్పించి, రెండు సంఖ్యలను మూలకీలకముతో చేర్చి క్రొత్త కీలకమును పుట్టించి, తన సంఖ్యను దానితో ముద్రవేసి పంపును. పెట్టెయు అదే లెక్క కట్టి ముద్రను సరిచూచును. మూడవ ఉత్తరములో పెట్టె తన ముద్ర చూపును. దొంగపెట్టెకు అది సాధ్యము కాదు. నాల్గవది ఫోను అంగీకారము. సంఖ్యలు ప్రతిమారు మారును గనుక పాత ఉత్తరములు మరల చెల్లవు.

అయినను ఒక చిక్కు మిగిలినది. ఈ ఉత్తరములను పట్టుకొన్నవాడు తన యింట కూర్చుండి, ఒక్కొక్క పదమును ఊహించి ముద్రతో సరిపోల్చుకొనవచ్చును. ఫోను నెంబరో, నిఘంటువులోని మాటయో అయినచో త్వరలోనే దొరకిపోవును. 2018లో వచ్చిన 'డబ్ల్యుపిఎ-3' ఈ దారిని మూసినది. అందు ప్రతి యూహకును పెట్టె తలుపు తట్టవలసినదే.

సంకేతపదమున 8 మొదలు 63 అక్షరముల వరకు ఉండవచ్చును. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు విడిచి, పొంతనలేని నాలుగైదు మాటలను కూర్చి పెట్టుకొనుడు.