ఒకే రకం గ్లాసు

సంఘంలో విందు అనగానే మనకు బగారన్నం డేగిశాలు, షామియానాలు, చందాల పుస్తకం గుర్తుకొస్తాయి. అంత ఖర్చు భరించలేక చాలా చిన్న సంఘాలు ఆతిథ్యం అనే మాటనే పక్కన పెట్టేస్తాయి. కాని ఒక గ్లాసెడు వేడి చాయ్‌కి కూడా మనుషుల్ని దగ్గర చేసే శక్తి ఉంది. దూరం చేసే శక్తి కూడా ఉందని మాకు సారంగాపూర్‌లో తెలిసొచ్చింది.

జగిత్యాల జిల్లాలోని సారంగాపూర్ వైపు పల్లెల్లో ఆడవాళ్లకు పొద్దున పొలం పని, ఇంటికొస్తే బీడీల చాట. ఎన్నో ఇళ్లల్లో భర్తో కొడుకో గల్ఫ్ దేశాల్లో ఉంటాడు. ఆదివారం ఆరాధన ముగియగానే ఎవరి పనికి వాళ్లు పరుగెత్తాల్సిందే. పక్కన కూర్చుని పాటలు పాడిన అక్క ఇంట్లో ఏ కష్టం ఉందో ఏళ్ల తరబడి మనకు తెలియదు. అందుకే అక్కడి ఒక చిన్న ప్రార్థన సహవాసంతో కలిసి ఒక సాయంత్రం చాయ్ విందు పెడదామనుకున్నాం. ప్రసంగం వద్దు, కానుకల సంచి వద్దు. చాయ్, నాలుగు మాటలు, చివర్లో చిన్న ప్రార్థన. అంతే.

ఏర్పాట్లు బాగానే చేశాం. బీడీలు అప్పగించి ఇళ్లకు చేరే వేళ చూసి సమయం పెట్టుకున్నాం. ఇంటింటికీ వెళ్లి పిలిచాం. వచ్చేవారు 50 మంది అని లెక్క. మనిషికి 100 మిల్లీలీటర్ల చొప్పున 5 లీటర్లు కావాలి. మరిగితే తగ్గుతుంది, రెండోసారి అడిగేవారూ ఉంటారు. అందుకని 4 లీటర్ల పాలు, 3 లీటర్ల నీళ్లు, 150 గ్రాముల చాయ్‌పత్తా, 600 గ్రాముల చక్కెర, దంచిన అల్లం, నాలుగు యాలకులు. షుగర్ ఉన్నవారికి చక్కెర వేయకముందే వేరే గిన్నెలోకి తీసిపెట్టాం. శనగ గుడాలు, సర్వపిండి, ఉస్మానియా బిస్కెట్లు సిద్ధం చేశాం.

తప్పంతా గ్లాసుల దగ్గర జరిగింది. పట్నం నుంచి వచ్చిన కాపరులకు, ఊరి పెద్దలకు పింగాణీ కప్పులు, కుర్చీలు. మిగతావారికి కాగితం కప్పులు, చాపలు. మాకు చెడు ఉద్దేశం లేదు. పింగాణీ కప్పులు పదే ఉన్నాయి, పెద్దలకు మర్యాద చేస్తున్నామనుకున్నాం.

గుమ్మం పక్కన చాప మీద కూర్చున్న ఒక అవ్వ చాయ్ తాగకుండా కప్పు పక్కన పెట్టింది. "తాగవేం అవ్వా, చల్లారిపోతుంది" అన్నాం. ఆమె కుర్చీల వైపు ఒకసారి చూసి నెమ్మదిగా అంది: "మా చిన్నప్పుడు హోటల్ల మా గిలాస వేరె ఉండె బిడ్డా. తాగినంక మేమే కడిగి చూరుల చెక్కేది. ఈడ గూడ గట్లనేనా?"

మా దగ్గర జవాబు లేదు.

రెండు గ్లాసుల పద్ధతి గురించి మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలుగు పల్లెల్లో ఎన్నో చాయ్ హోటళ్లలో దళితులకు గ్లాసు వేరు, కూర్చునే చోటు వేరు. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. దుకాణాల్లో, హోటళ్లలో కులం పేరిట ఎవరినీ అడ్డుకోరాదని 15వ అధికరణం చెప్పింది. 1955లో ఒక చట్టం, 1989లో అంతకంటే కఠినమైన అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాయి. చట్టం హోటల్ యజమానిని నిలదీస్తుంది. మరి మన కుర్చీని, మన చాపను ఎవరు నిలదీస్తారు? దేవుని వాక్యమే నిలదీస్తుంది.

బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడిని కింద కూర్చోమనే సంఘాన్ని యాకోబు గట్టిగా గద్దించాడు (యాకోబు 2:1-4). అన్యజనులతో కలిసి భోంచేసిన పేతురు, కొందరు వచ్చాక భయపడి వెనక్కి తగ్గితే పౌలు అతణ్ని అందరి ముందే తప్పుపట్టాడు (గలతీ 2:11-14). పేతురు బోధలో ఏ దోషమూ లేదు, దోషం బల్ల దగ్గర దొరికింది. మన సంగతీ అంతే. మన ప్రసంగాల్లో అందరూ సమానమే. మన గ్లాసులు ఏం చెబుతున్నాయన్నదే ప్రశ్న.

ఈ బాధను మన నేల మీద పనిచేసిన ఒక దైవసేవకుడు ప్రపంచం ముందు పెట్టాడు. తమిళనాడులో పుట్టి, 1909లో డోర్నకల్ ప్రాంతానికి మిషనరీగా వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. విదేశీ మిషనరీల త్యాగాన్ని ఆయన కాదనలేదు. కాని వారికీ, వారితో పనిచేసే భారతీయులకూ మధ్య నిజమైన చెలిమి కొరవడిందని మొహం మీదే చెప్పారు. మీరు ధనమిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు ఇంకా కావలసింది స్నేహం అన్నది ఆయన మాటల సారాంశం. కొందరికి కోపం వచ్చింది. అయినా ఆయన వెనక్కి తీసుకోలేదు. 1912 డిసెంబరు 29న ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్‌గా అభిషిక్తులై, 1945లో కన్నుమూసే దాకా డోర్నకల్‌లోనే సేవ చేశారు. ఆనాడు తెల్లదొరల సభలో ఆయన వేసిన ప్రశ్న ఈనాడు మన సభలో వినబడితే మనకూ కోపం వస్తుందేమో!

ఆది సంఘంలో ప్రేమవిందులు ఉండేవి. యూదా పత్రిక వాటిని ప్రస్తావిస్తుంది (యూదా 12). కొరింథులో ఒకడు ఆకలితో ఉండగా మరొకడు ముందే తిని మత్తెక్కిపోతుంటే, ఒకరికోసం ఒకరు కనిపెట్టుకోండని పౌలు బోధించాడు (1 కొరింథీ 11:20-33). 1727లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ విశ్వాసులు ఈ ప్రేమవిందును మళ్లీ మొదలుపెట్టారు. వారిని చూసి జాన్ వెస్లీ మెథడిస్టు సంఘాల్లోకి తెచ్చాడు. అక్కడ రొట్టెతో పాటు రెండు చెవుల పెద్ద కప్పు ఒకటి చేతులు మారుతూ తిరిగేది. గని కూలీ అయినా, దొర అయినా ఆ కప్పులోనే తాగాలి. మెదక్, కరీంనగర్ ప్రాంతాల్లోని పాత సంఘాలు చాలావరకు వెస్లియన్ మిషన్ సేవలో పుట్టినవే. అంటే ఒకే కప్పు అన్నది మనకు కొత్త సంగతి కాదు, మన వారసత్వమే.

నెల తర్వాత మళ్లీ చాయ్ విందు పెట్టాం. ఈసారి టెంట్ హౌస్ నుంచి ఒకే రకం స్టీలు గ్లాసులు 60 తెచ్చాం. కాపరులతో సహా అందరం చాపల మీదే కూర్చున్నాం. మోకాళ్ల నొప్పులున్న ముగ్గురికి మాత్రం కుర్చీలు వేశాం. చక్కెర లేని చాయ్ వేరే కెటిల్‌లోనే ఉంది. అవసరాన్ని బట్టి చేసే తేడా ప్రేమ అవుతుంది, అంతస్తును బట్టి చేసేది అవమానం అవుతుంది. పొయ్యి దగ్గర అవ్వే నిలబడింది. ఎవరికి ఎంత పోయాలో ఆమె చెబితే యువకులు అందించారు.

రెండో గ్లాసు దగ్గర ఒక చెల్లి నోరు విప్పింది. గల్ఫ్‌లో ఉన్న భర్తకు నాలుగు నెలలుగా జీతం రావడం లేదట. ఇన్ని ఆదివారాలు మా పక్కనే కూర్చుని ప్రార్థించింది, మేమెవరమూ అడగలేదు. విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్‌లో ఇలాంటి ఫిర్యాదులు ఇవ్వవచ్చని ఒక తమ్ముడు చెప్పాడు. అక్కడికక్కడే ఆమెతో కూర్చుని వివరాలు రాసి పంపాడు. ఆమె సమస్య ఆ రాత్రే తీరలేదు. కాని ఆమె ఆ రాత్రి ఒంటరిగా ఇంటికి వెళ్లలేదు, ఇద్దరు అక్కలు తోడు వెళ్లారు.

ప్రియులారా, మీ సంఘంలోనూ ఇలాంటి ఒక సాయంత్రం ఏర్పాటు చేయండి. తిరిగి పిలవలేనివారిని మొదట పిలవమన్నాడు ప్రభువు (లూకా 14:12-14). మన మతం కాని పొరుగువారిని కూడా పిలవండి, అయితే చాయ్‌ని ఎరగా వాడకండి. పాలు, చక్కెర లెక్కలు వేసుకునేటప్పుడు మరో మూడు లెక్కలు కూడా వేయండి: ఎవరిని మరిచిపోయాం? ఎవరు ఎక్కడ కూర్చుంటారు? గ్లాసులు ఎవరు కడుగుతారు?

ఆ రోజు చాయ్ తాగిన తర్వాత అవ్వ అలవాటుగా తన గ్లాసు పట్టుకుని నల్లా వైపు లేచింది. సంఘ పెద్ద ఒకాయన ఎదురెళ్లి, "ఇటియ్యి అవ్వా" అని ఆమె చేతిలోని గ్లాసు తీసుకున్నాడు. మిగతా గ్లాసులతో కలిపి అదే తొట్టిలో కడిగాడు. బోర్లించాక అందులో అవ్వ గ్లాసు ఏదో, కాపరి గ్లాసు ఏదో మాకెవరికీ తెలియలేదు.