గోస్తనికి ఎదురు నడక

భీమిలి కడలి నుంచి అనంతగిరి అడవి దాకా, విశాఖ తాగే నీటి వెంట

భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసేచోట గోస్తని పెద్ద నదిలా కనిపించదు. ఇసుక మేట వెనక నిలిచిన నీరు, ఒడ్డున బోర్లించిన పడవలు, వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులు. వేసవిలో ఏరు ఎక్కడ ఆగిందో, కడలి ఎక్కడ మొదలైందో తేల్చుకోవడం కష్టం. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీదుగా వచ్చేవాళ్లు డచ్చివాళ్ల సమాధులూ, దీపస్తంభమూ చూసి, ఫొటోలు తీసుకుని తిరిగి వెళ్లిపోతారు. ఈ నీరు అనంతగిరి కొండల్లో పుట్టిందనీ, దారిలో తాటిపూడి దగ్గర ఆగి తమ కుళాయికి కొంత ఇచ్చి, మిగిలింది ఇక్కడికి చేరిందనీ ఎంతమందికి తెలుసు?

గోస్తని పొడవు సుమారు 120 కిలోమీటర్లు. కృష్ణా గోదావరుల పక్కన చాలా చిన్నది. కానీ పుట్టిన గెడ్డ (కొండవాగు) నుంచి సముద్రం దాకా ఒక నదిని పూర్తిగా చూసే అవకాశం గోదావరి జిల్లాలవాళ్లకు లేదు. గోదావరి పుట్టే త్ర్యంబకం మహారాష్ట్రలో ఉంది, కడలిని చేరే అంతర్వేది ఇక్కడ ఉంది. విశాఖవాళ్లకు ఆ అదృష్టం ఒక వారాంతపు దూరంలో ఉంది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, మన్యం అనే మూడు ప్రపంచాలను కలిపి చూపించే దారి ఇది ఒక్కటే. అందుకే ఈ నదిని దిగువ నుంచి ఎగువకు, ప్రవాహానికి ఎదురుగా చూడాలని నా అభిప్రాయం. నీటిని వాడుకునే చోట మొదలుపెట్టి, ఆ నీటిని కాపాడేవాళ్ల ఊరికి చేరాలి.

మైదానంలో

భీమిలి నుంచి తగరపువలస, చిట్టివలస దాకా నది పక్కన ఊళ్లు ఒత్తుగా ఉంటాయి. ఒకప్పుడు వేల కుటుంబాలకు అన్నం పెట్టిన చిట్టివలస జూట్ మిల్లు మూతపడింది. ఇంకాస్త పైన పద్మనాభం. 1794 జూలై 10న విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి నేలకొరిగింది ఇక్కడే. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడికి మెట్లెక్కి వెనక్కి తిరిగితే, పొలాల మధ్య నది మలుపులు కనిపిస్తాయి. అక్కడక్కడా ఇసుక తవ్విన గుంతలూ కనిపిస్తాయి. ఇసుక పోయిన ఏరు నీటిని పట్టి ఉంచలేదు. ఒడ్డున బావులున్న రైతులను అడిగితే ఆ సంగతి వాళ్లే చెబుతారు.

జామి దాటాక కొండలు దగ్గరవుతాయి. తాటిపూడి జలాశయం విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో ఉంది. గోస్తనికి అడ్డంగా 1960లలో కట్టారు. ఆయకట్టుకు సాగునీరు, విశాఖకు తాగునీరు. నగరం మేఘాద్రిగెడ్డ, రైవాడ వంటి చోట్ల నుంచీ తెచ్చుకుంటుంది గానీ, తాటిపూడి వాటా మరిచిపోదగ్గది కాదు. కొండల మధ్య నీరు నిండినప్పుడు అవతలి గట్టుకు బోటులో వెళ్లడం ఈ యాత్రలో అసలైన నదీ విహారం. అవతల అడుగుపెడితే అడవి మొదలు.

బోటు ఎక్కేముందు ఒక్కమాట. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు వెళ్లిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. ఎన్నో ఇళ్లలో దీపం ఆరిపోయింది. ఆ రోజు బతికి బయటపడినవాళ్లను ఒడ్డుకు చేర్చడానికి ముందుగా పడవలు వేసుకుని వెళ్లింది ఆ ఒడ్డున ఉండే గిరిజనులే. నదిని రోజూ చూసేవాళ్లు వాళ్లు. వరద ఉన్న రోజున బోటు కదలాలా వద్దా అన్నది టికెట్టు అమ్మేవాళ్లకు వదిలేయాల్సిన విషయం కాదు, ఆ ఒడ్డున పుట్టినవాళ్ల మాటకు విలువ ఉండాలి. తాటిపూడిలో నీరు నిశ్చలంగా ఉన్నా సరే, లైఫ్ జాకెట్ బిగించుకోకుండా బోటెక్కకండి. పిల్లలకు సైజు సరిపోయేది అడిగి తీసుకోండి.

ఇనుము దిగే దారి

శృంగవరపుకోట నుంచి పైకి రెండు దారులు. ఘాట్ రోడ్డు ఒకటి, రైలు ఇంకొకటి. మొదటిసారి వెళ్లేవాళ్లు రైలే ఎక్కాలి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేసిన ఈ కె.కె. లైను ప్రయాణికుల కోసం పుట్టింది కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో కొండలను తొలిచి వేశారు. 58 సొరంగాలు, ఎనభైకి పైగా వంతెనలు. శిమిలిగుడ స్టేషన్ దగ్గర పట్టాలు సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరతాయి. తర్వాత విశాఖ ఉక్కు వచ్చాక దానికీ ఈ గనుల ఖనిజమే. అద్దాల విస్టాడోమ్ పెట్టె 2017లో వచ్చింది.

శివలింగపురం దాటి త్యాడ, చిమిడిపల్లి వైపు ఎక్కుతుంటే ఎదురుగా బరువుతో దిగే గూడ్సు బండ్లు కనిపిస్తాయి. ఎర్రని ఖనిజం నిండిన పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, సాగుతూనే ఉంటాయి. విశాఖ బతుకు ఈ కొండల మీదుగానే దిగింది. ఇనుము పట్టాల మీద, నీరు గెడ్డల్లో. ఇనుముకు లెక్క ఉంది, టన్నుల్లో రాసుకుంటారు. నీటిని ఇచ్చిన కొండకు లెక్క రాసినవాళ్లు లేరు.

ముందు నడిచే మనిషి

త్యాడ, బొర్రా చుట్టుపక్కల అడవిని వర్షారణ్యం అని కొన్ని ప్రకటనలు రాస్తాయి. అది పూర్తిగా నిజం కాదు. అమెజాన్ లాగా ఏడాది పొడవునా వానలు కురిసే చోటు కాదిది. ఎక్కువ భాగం తేమగల ఆకురాల్చే అడవి. మద్ది, నేరేడు, మామిడి, పనస. లోయల్లో, గెడ్డల వెంట మాత్రం ఎండ నేలకు దిగనంత దట్టమైన పచ్చదనం ఏడాదంతా నిలుస్తుంది. ఆగస్టులో ఆ లోయలోకి దిగితే, అమెజాన్ పేరు అరువు తెచ్చుకోవాల్సిన అవసరం లేదనిపిస్తుంది.

అక్కడ మాకు దారి చూపినతను కొండదొర తెగ యువకుడు. కాళ్లకు రబ్బరు చెప్పులు, నడుముకు కత్తి. ముందుగా మా అందరికీ తలా ఒక వెదురు కర్ర కొట్టి ఇచ్చాడు. గెడ్డ దాటాల్సిన చోట నీటిలోకి దిగలేదు. ఒడ్డున నిలబడి చాలాసేపు నీటిని చూశాడు. రాళ్లలో ఎండి తెల్లబారిన వాటి మీదే అడుగేయమన్నాడు, నల్లగా మెరిసేవాటిని తాకొద్దన్నాడు. ఆ నలుపు పాచి. కర్రను ప్రవాహానికి ఎగువన గుచ్చి, దాని మీద బరువు మోపి, పక్కకి నడవాలి. ఒకరు దాటాకే ఇంకొకరు. ఇంతలో నీటి మీద ఎండుటాకులు, సన్నని నురగ కొట్టుకొచ్చాయి. అతను చేయి అడ్డం పెట్టాడు.

“ఉండండి బాబూ. పైన వాన పడతంది.”

మా తలల మీద ఆకాశం నిర్మలంగా ఉంది. ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. కాసేపటికి నీరు ఎర్రబడింది. మోకాలి లోతు గెడ్డ నడుము దాకా లేచింది, మేం కాలు పెట్టబోయిన రాళ్లు కనిపించకుండా పోయాయి. ఈ కొండల్లో వాలు నిటారు, గెడ్డలు పొట్టివి. శిఖరం మీద కురిసిన వాన లోయలోకి రావడానికి ఎక్కువ సమయం పట్టదు. ముందుగా వచ్చేది ఒడ్డున రాలిన ఆకు, దాని వెనక నురగ, ఆ తర్వాత మట్టి. ఈ వరస అతనికి చిన్నప్పుడు పశువులు కాసేటప్పుడే తెలిసిందట. మన్యంలోని జలపాతాల్లో ఏటా కొట్టుకుపోయే పట్నం కుర్రాళ్లలో చాలామందికి ఈ మాట చెప్పే మనిషి పక్కన లేకపోవడమే కారణం. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణిలో వైద్య విద్యార్థులు కొట్టుకుపోయిన వార్త చదివినప్పుడు నాకు ఆ ఎండుటాకులే గుర్తొచ్చాయి.

నీరు తగ్గేదాకా కూర్చున్నాం. ఆ సమయమే యాత్రలో అన్నిటికంటే విలువైనది. అడ్డతీగ ఆకు తెంచి చూపించాడు. వెదురు పుల్లలతో కుట్టి విస్తళ్లు చేసేది దీంతోనే. జీలుగు చెట్టు చూపించాడు, కల్లు గీసే కాలం చెప్పాడు. పిప్పళ్ల తీగ ఎక్కడ పాకుతుందో, కరక్కాయ ఎప్పుడు ఏరాలో చెప్పాడు. ఇవన్నీ సంతకూ, గిరిజన సహకార సంస్థ డిపోకూ చేరే సరుకులు. 1956లో మొదలైన ఆ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది.

బొర్రా

బొర్రా గుహలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి, లోతు 80 మీటర్ల దాకా. పైకప్పు కన్నంలోంచి పడిపోయిన ఆవును వెతుక్కుంటూ వచ్చిన కాపరి, గుహలో శివలింగాన్ని చూశాడని ఇక్కడివాళ్లు చెప్పుకునే కథ. శాస్త్రం చెప్పే కథ కూడా నీటిదే. అడవి నేలలో కుళ్లిన ఆకుల్లోంచి ఇంకిన వాన నీటికి పులుపు ఎక్కుతుంది, అది సున్నపురాతిని కరిగిస్తుంది. కరిగిన సున్నం చుక్కచుక్కగా కారి కప్పు నుంచి కిందికీ, నేల నుంచి పైకీ పెరుగుతుంది. అంటే పైన అడవి లేకపోతే లోపల ఆ శిల్పం కూడా లేదు. రంగు దీపాల కింద ఎవరూ ఈ మాట చెప్పడం నేను వినలేదు. ఇది తప్పక చెప్పాల్సిన మాట.

ఇదే బొర్రా పంచాయతీ కొండల్లో కాల్సైట్, అభ్రకం కోసం ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజుల మీద ‘సమత’ అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జూలై 11న వచ్చిన తీర్పు దేశమంతటా పేరుపొందింది. 1/70 (భూ బదలాయింపు) చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని కోర్టు తేల్చింది. ఆ తీర్పు గిరిజనుల భూమి హక్కు గురించి, నిజమే. విశాఖవాసి మంచినీటి గురించి కూడా. గోస్తని తొలి పరుగు ఈ కొండల్లోనే. ఇప్పుడు అనంతగిరి మండలంలో పంప్డ్ స్టోరేజీ జలవిద్యుత్ ప్రాజెక్టుల ప్రతిపాదనలు వచ్చాయి, గిరిజన సంఘాలు వ్యతిరేకిస్తున్నాయి. ఈ గొడవ దూరపు కొండల్లోది అనుకుని నగరం ఊరుకోకూడదు.

బొర్రా నుంచి కటికి జలపాతానికి జీపు దారి, ఆపై నడక. అక్కడ పడేది గోస్తని నీరే. ఇంకా పైకి పోతే అనంతగిరి. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోటల మధ్య నుంచి, బండరాళ్ల సందుల్లోంచి సన్నని ధారలు ఒకదాంతో ఒకటి కలుస్తుంటాయి. ఏ ఒక్కదాన్నీ ఇదే మొదలని వేలు పెట్టి చూపించలేం. అడవి నేల వానను ఇంకించుకుని నెలల తరబడి మెల్లగా వదులుతుంది కాబట్టే, జనవరిలో కూడా ఈ ధారలు ఆగవు. చెట్టు పోయిన వాలు మీద పడ్డ వాన మట్టిని కూడా తీసుకుని ఒక్క పూటలో దిగిపోతుంది. ఆ మట్టి చివరికి తాటిపూడి అడుగున చేరుతుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వర్షాకాలంలో అడవి ఇంకా అందంగా ఉంటుంది, కానీ గెడ్డ దాటే దారులు వద్దు. కొండచరియలు విరిగిపడితే రైళ్లు కూడా ఆగుతాయి, ముందే విచారించుకోండి. ఊళ్లలో ఫొటో తీసేముందు అడగండి. ప్లాస్టిక్ సీసాలు వెనక్కి తెచ్చుకోండి.

పర్యాటక శాఖకూ, అటవీ శాఖకూ ఒక విన్నపం. ప్రతి జలపాతం దగ్గరా, ప్రతి కొండదారి మొదట్లోనూ ఆ ఊరి యువతీ యువకులనే మార్గదర్శులుగా పెట్టండి. శిక్షణ, గుర్తింపు కార్డు, ప్రమాద బీమా, రాతపూర్వకంగా నిర్ణయించిన రుసుము ఇవ్వండి. వరద రోజున దారి మూసేసే అధికారం కూడా వాళ్ల చేతికే ఇవ్వండి. ఇక పాఠకులకు: మీ మార్గదర్శి అడిగిన రుసుములో బేరమాడకండి. ‘దిగొద్దు’ అంటే దిగకండి.